పెద్ద చేపల ట్యాంక్‌కి హీటర్: ఏ రకం తీసుకోవాల, ఎన్ని వాట్స్ తీసుకోవాల (మన అనంతపురం, కర్నూలు, కడప చలికి)

నవంబర్ దాటి చలి మొదలైతే చాలు, తెలిసినోళ్ళ నుంచి నాకొచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, నాలుగడుగుల ట్యాంక్ ఉంది, ఎన్ని వాట్స్ హీటర్ తీసుకోవాల?" షాపులో అడిగితే లీటరుకు ఒక వాట్ అని చెప్పి 500 వాట్స్‌ది ఒకటి చేతిలో పెడతారు, మనం ఇంటికి తెచ్చి తగిలిస్తాం, అంతే. నేను కూడా మొదట్లో అట్లనే కొన్నాను. దాని వల్ల ఏమైందో ముందు చెప్తా, ఎందుకంటే కింద రాసిన లెక్కలన్నీ నేను నేర్చుకున్నది ఆ పొద్దు తర్వాతే.

మాది అనంతపురం. హాల్లో 4×2×2 అడుగుల ట్యాంక్, రాళ్ళు ఇసుక పోను 400 లీటర్ల దాకా నీళ్ళు, అందులో తొమ్మిది ఏంజెల్ చేపలు. జనవరిలో ఒక రాత్రి తొమ్మిదికి మేత వేసి, 28 డిగ్రీలు చూసుకొని పడుకున్నా. పొద్దున ఏడుకి లేచి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నీళ్ళ అంచున నోళ్ళు తెరుస్తా ఉన్నాయి, రెండు అప్పటికే పక్కకు వాలిపోయినాయి. గాజు మీద చెయ్యి పెడితే, చలికాలం పొద్దున చల్లగా ఉండాల్సింది గోరువెచ్చగా తగిలింది. థర్మామీటర్‌లో 35. హీటర్ ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతానే ఉంది. లోపల థర్మోస్టాట్ (వేడి సరిపోగానే హీటర్‌ను ఆర్పే స్విచ్చు) కాంటాక్ట్ అతుక్కుపోయి రాత్రంతా ఆగకుండా కాగింది. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో వేడిలో ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాల, అదీ సంగతి. ఆ వారంలో నాలుగు పోయినాయి.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా నేను మొదట చూడమనేది ఒకటే, ఆ హీటర్ చెడిపోతే మీ చేపల గతేంది అని. వాట్స్ లెక్క దాని తర్వాత.

కొనే ముందు చూసుకోవాల్సినవి

హీటర్ రెండు రకాలుగా చెడిపోతుంది. ఒకటి, అసలు వెలగదు. పెద్ద ట్యాంక్‌లో ఇది అంత ప్రమాదం కాదు, నీళ్ళు నిదానంగా చల్లబడతాయి, మనం చూసుకునే టైం ఉంటుంది. రెండోది, ఆరదు. ఇది రాత్రికి రాత్రి ముగించేస్తుంది. ఏ రకం హీటర్ చూసినా ఈ రెండో దానికి అడ్డం ఏముందో చూడండి.

తర్వాత మన చలి. మన మూడు ఊర్లలోనూ ఎండాకాలం గురించి అందరికీ తెలుసు గానీ, డిసెంబర్ జనవరిలో రాత్రిళ్ళు 15 నుంచి 18 డిగ్రీలకు దిగుతుంది, పగలు మళ్ళీ 29, 30. ఇల్లు లోపల అంత ఊగిసలాట ఉండదు. కానీ మిద్దె మీద గది అయితే రాత్రి బాగా చల్లబడుతుంది, కింద ఇంట్లో నడుమ గది అయితే నిలకడగా ఉంటుంది. నిజంగా కష్టపెట్టేది మాత్రం చలి కాదు, ముసురు. బంగాళాఖాతంలో వాయుగుండం పడి రెండు మూడు రోజులు ఎండ మొహం కనపడకపోతే, పగలు వెచ్చబడాల్సిన నీళ్ళు వెచ్చబడవు, ట్యాంక్ మెల్లగా దిగతా పోతుంది. తెల్లమచ్చల జబ్బు నా ట్యాంక్‌లో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ముసురు వెనకాలే.

కరెంటు సంగతి కూడా చూసుకోవాల. హీటర్ మీద రాసిన వాట్స్ 230 వోల్టులకు లెక్క. వోల్టేజ్ తగ్గితే వేడి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, 180 వోల్టులే వస్తే 300 వాట్స్ హీటర్ ఇచ్చేది 184 వాట్సే. పల్లెల్లో, లైను చివర ఇళ్ళలో ఉండేవాళ్ళు ఇది మర్చిపోవద్దు.

ఇంక నీళ్ళు. మన బోరు నీళ్ళు ఎంత గట్టివో గీజర్ విప్పి చూసినోళ్ళకు తెలుసు. ఆ తెల్ల పొరే హీటర్ మీద కూడా కడుతుంది, పొర మందమైతే లోపలి వేడి బయటికి సరిగా పోదు, రాడ్డు తొందరగా చెడుతుంది. చేప సంగతి అందరికీ తెలిసిందే, డిస్కస్‌కి 28 నుంచి 30 కావాల, ఏంజెల్స్‌కి 26 నుంచి 28, ఆస్కార్‌కి 25, 26 చాలు, నియాన్ టెట్రాలకి 24, 25 చాలు, గోల్డ్‌ఫిష్‌కి అసలు హీటరే వద్దు.

ఎన్ని వాట్స్: ముందు మీ ఇంటిని కొలవండి

లీటరుకు ఒక వాట్ అనే మాట చిన్న ట్యాంక్‌లకు పనికొస్తుంది. పెద్ద ట్యాంక్‌కి అది ఎక్కువైపోతుంది, కారణం తేలికే: వేడి పోయేది గాజు నుంచి, పైన నీళ్ళ మట్టం నుంచి. ట్యాంక్ పెద్దదయ్యే కొద్దీ నీళ్ళు పెరిగినంతగా గాజు పెరగదు. పెద్ద గుండిగలో అన్నం రాత్రిదాకా వెచ్చగా ఉండేది, చిన్న గిన్నెలో గంటకే చల్లారిపోయేది ఇందుకే.

ముందు లీటర్లు. పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో కొలిచి మూడూ గుణించి 61తో భాగించండి. 48×24×24 అయితే 453 లీటర్లు. పైన వదిలే రెండు అంగుళాలు, ఇసుక, రాళ్ళు తీసేస్తే 400 అనుకోండి.

తర్వాత తేడా. మీ దగ్గర ఇప్పుడు హీటర్ లేకుంటే, ఒక మామూలు డిజిటల్ థర్మామీటర్ కొని డిసెంబర్‌లో నాలుగైదు రోజులు పొద్దున ఆరుకి నీళ్ళు ఎంతున్నాయో రాసుకోండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకె తీసుకోండి. అది 20 అయ్యి మీ చేపకు 28 కావాలంటే, హీటర్ మోయాల్సిన తేడా 8 డిగ్రీలు.

ఇప్పటికే హీటర్ ఉన్నోళ్ళకు ఇంకా మంచి పద్ధతి ఉంది. రాత్రి పదికి నీళ్ళు ఎంతుందో చూసి హీటర్ ప్లగ్ తీసేయండి, ఫిల్టర్ ఆడనీయండి, పొద్దున ఆరుకి మళ్ళీ చూడండి. లీటర్లు × తగ్గిన డిగ్రీలు × 1.16, దాన్ని గంటలతో భాగిస్తే వచ్చేది మీ ట్యాంక్ ఆ రాత్రి పోగొట్టుకున్న వాట్స్. నా ట్యాంక్‌లో ఎనిమిది గంటల్లో 2 డిగ్రీలు తగ్గింది, అంటే 400 × 2 × 1.16 / 8 = 116 వాట్స్. మంచి చలి రాత్రిలో 400 లీటర్ల ట్యాంక్‌కి నిజంగా కావాల్సింది ఇంతే! నేను పెట్టుకున్నదేమో 500.

మూత ఉన్న ట్యాంక్‌లకు, తేడా 8 డిగ్రీలు అనుకొని నేను వేసుకున్న అంచనా ఇది:

| ట్యాంక్ (అడుగులు) | నీళ్ళు సుమారుగా | ఒక్కో డిగ్రీ తేడాకు పోయే వేడి | 8 డిగ్రీలకు | కొనాల్సింది |
|---|---|---|---|---|
| 4×1.5×1.5 | 220 లీటర్లు | 11–12 వాట్స్ | 90 వాట్స్ | 100 వాట్స్‌వి రెండు |
| 4×2×2 | 400 లీటర్లు | 15 వాట్స్ | 120 వాట్స్ | 150 వాట్స్‌వి రెండు |
| 5×2×2 | 500 లీటర్లు | 18 వాట్స్ | 145 వాట్స్ | 150 లేదా 200 వాట్స్‌వి రెండు |
| 6×2×2 | 600 లీటర్లు | 20 వాట్స్ | 160 వాట్స్ | 200 వాట్స్‌వి రెండు |

కావాల్సిన దానికి రెట్టింపు ఎందుకు పెట్టినానంటే ముసురు రోజులకు, వోల్టేజ్ తక్కువున్న రోజులకు, నీళ్ళు మార్చినాక తొందరగా మళ్ళీ ఎక్కడానికి. మూత లేని ట్యాంక్ అయితే ఇంకో 100 వాట్స్ కలుపుకోండి, లేదా మూత చేయించుకోండి, నేనైతే మూతే అంటా. ఒక లీటరు నీళ్ళు ఆవిరి కావాలంటే దాదాపు 0.68 యూనిట్ వేడి పడుతుంది, అందులో చాలా భాగం ట్యాంక్ నీళ్ళ నుంచే పోతుంది. మన గాలి పొడి గాలి, మూత లేని పెద్ద ట్యాంక్‌లో రోజుకు మూడు నాలుగు లీటర్లు తగ్గడం మామూలే. లెక్క మీరే వేసుకోండి.

ఇక రెండు ఎందుకు, 300ది ఒకటి చాలదా? 150ది ఒకటి ఆరకుండా అతుక్కుపోయిందనుకోండి. ఆ ట్యాంక్ డిగ్రీకి 15 వాట్స్ పోగొడుతుంది కాబట్టి 150 వాట్స్ నీళ్ళను గది కంటే 10 డిగ్రీలు మాత్రమే పైకి లేపగలదు. గది 20 ఉంటే నీళ్ళు 30 దగ్గర ఆగిపోతాయి, రెండో హీటర్ ఎలాగూ ఆరిపోయి ఉంటుంది. పగలు గది వెచ్చబడితే ఇంకా ఎక్కుతుంది, కాదనను, కానీ మెల్లగా ఎక్కుతుంది, రోజుకు పైగా పడుతుంది, ఇంట్లో ఎవరో ఒకరు చూస్తారు. అదే 500ది అతుక్కుపోతే గంటకు ముప్పావు డిగ్రీ లెక్కన ఎక్కుతానే పోతుంది, మనం నిద్ర లేచేసరికి అయిపోతుంది. ఒకటి వెలగకుండా పోయినా అంతే, రెండోది మామూలు రాత్రి ఒక్కటే లాక్కొస్తుంది.

బిల్లు గురించి ఒక అపోహ ఉంది, పెద్ద హీటర్ అయితే ఎక్కువ కరెంటు తాగుతుందని. అట్లేం కాదు, నీళ్ళు పోగొట్టుకున్న వేడినే హీటర్ పూడుస్తుంది, 500ది తక్కువ సేపు వెలుగుతుంది, 200ది ఎక్కువ సేపు వెలుగుతుంది, యూనిట్లు ఒకటే. బిల్లు తగ్గించేవి రెండే, మూత, ఇంకా మీరు పెట్టుకున్న డిగ్రీ. 4×2×2లో ఒక్క డిగ్రీ తగ్గిస్తే నెలకు 11 యూనిట్ల దాకా మిగులుతుంది. ఆస్కార్ పెంచుతా 29 పెట్టుకున్నోళ్ళు నాకు తెలుసు, అది ఉత్త దండగ.

ఇప్పుడు ఒక్కో రకం

*హీటర్ లేకుండా.* దీన్ని కూడా ఒక ఆప్షన్‌గానే చూడండి. గోల్డ్‌ఫిష్, కోయి పెంచేవాళ్ళకు అవసరం లేదు. గప్పీలు, మాలీలు కూడా ఇంటి నడుమ గదిలో, మూత ఉన్న పెద్ద ట్యాంక్‌లో మన చలిని చాలామటుకు తట్టుకుంటాయి. వెనక, పక్కల అర అంగుళం థర్మాకోల్ షీట్ అంటించండి, ట్యాంక్ కింద ఎలాగూ థర్మాకోల్ వేస్తాం. మన ఇళ్ళలో చాలామంది స్టాండ్ మీద కడప బండ వేసి దాని మీదే ట్యాంక్ పెడతారు, చలికాలం పొద్దున ఆ నాపరాయి మీద కాలు పెడితే ఎట్ల జిల్లుమంటుందో తెలుసు గదా, కింద షీట్ లేకుంటే ట్యాంక్ కూడా దాని మీదే కూర్చొని ఉంటుంది.

*మామూలు గాజు హీటర్.* నూటికి తొంభై మంది కొనేది ఇదే, సోబో, ఆర్‌ఎస్ లాంటివి ఏ ఊర్లో అయినా దొరుకుతాయి, రేటు వందల్లో ఉంటుంది. ఇంకొంచెం పెట్టగలిగితే ఈహైమ్ వాళ్ళ యేగర్ లాంటివి ఉన్నాయి, వాటిలో డయల్‌ను మన థర్మామీటర్‌కి సరిపోయేలా సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది, గాజు కూడా మందం. గాజు హీటర్‌లో గొప్ప విషయం ఏందంటే దాని థర్మోస్టాట్ దానిలోనే ఉంటుంది, బయట ఏ పెట్టె లేకున్నా తనంతట తాను ఆరుతుంది, వెలుగుతుంది. బాధ ఏందంటే ఆ థర్మోస్టాట్ వేడి రాడ్డు పక్కనే ఉంటుంది కాబట్టి ట్యాంక్ మొత్తం ఎంతుందో దానికి సరిగా తెలీదు, డయల్ మీద 28 అంటే నీళ్ళు 26 ఉండొచ్చు 30 ఉండొచ్చు. రెండోది పగలడం. నీళ్ళు మార్చేటప్పుడు ప్లగ్ తీయడం మర్చిపోయి, మట్టం దిగి, గాజు బయటపడి ఎర్రగా కాగి, మళ్ళీ దాని మీద చల్లనీళ్ళు పడితే టప్పున చిట్లుతుంది. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటివి తోకతో కొట్టి పగలగొడతాయి, ప్లాస్టిక్ గార్డ్ ఉన్నదే తీసుకోండి.

*డిజిటల్ డిస్‌ప్లే ఉన్న క్వార్ట్జ్ హీటర్లు.* చూడటానికి బాగుంటాయి, అంకె కనపడుతుంది, నీళ్ళు తగ్గితే ఆరిపోయే ఏర్పాటు కొన్నిటిలో ఉంటుంది. ఆ అంకెను మాత్రం నమ్మకండి, వేరే థర్మామీటర్ ఒకటి ట్యాంక్ ఇంకో చివర పెట్టండి. మిగతాదంతా గాజు హీటర్ మాదిరే.

*టైటానియం, స్టీల్ రాడ్డు, బయట కంట్రోలర్ (నీళ్ళ వేడి చూసి హీటర్‌ను ఆర్పే, వెలిగించే పెట్టె).* పగలదు, పెద్ద చేపలకు దీన్ని మించింది లేదు. టైటానియం ఉప్పు నీళ్ళలో కూడా తుప్పు పట్టదు, స్టీల్ మాత్రం ఉప్పు నీళ్ళలో పెట్టొద్దు. రేటు వేలల్లోకి పోతుంది. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడండి: చాలా టైటానియం రాడ్డుల్లో లోపల థర్మోస్టాట్ ఉండదు, మొత్తం బయట పెట్టె మీదే ఆధారం. దాని సెన్సార్ వైరు నీళ్ళలోంచి బయటికి జారిందంటే, ఆ పెట్టెకి గది చలే తెలుస్తుంది, నీళ్ళు చల్లగా ఉన్నాయనుకొని కాల్చతానే ఉంటుంది. సెన్సార్‌ను సక్షన్ కప్పుతో వదిలేయకుండా, కప్పు ఆరు నెలలకు గట్టిపడి ఊడిపోతుంది కాబట్టి, వైరును ట్యాంక్ అంచు క్లిప్‌కి కూడా కట్టండి. ఇంకోటి, లోహం కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. మన నేలలు ఎండాకాలానికి ఎండిపోతాయి, ఎర్త్ గుంతలో నీళ్ళు పోసి ఎన్నాళ్ళైందో ఒకసారి చూడండి.

*గాజు హీటర్లు రెండు, వాటి మీద కంట్రోలర్ ఒకటి.* నేను ఇప్పుడు వాడేది ఇదే, ఎక్కువ మందికి చెప్పేది కూడా ఇదే. ఎస్‌టీసీ-1000 అని ఒక చిన్న కంట్రోలర్ దొరుకుతుంది, 10 ఆంపియర్ల రిలే (లోపలి కరెంటు స్విచ్చు), మన హీటర్లకు చాలా ఎక్కువ. అది ఉత్త మాడ్యూల్ మాత్రమే, ఎలక్ట్రీషియన్ చేత బాక్సులో పెట్టించి సాకెట్లు బిగించుకోవాల. ఆ తలనొప్పి వద్దంటే ఇంక్‌బర్డ్ లాంటివి సాకెట్లతోనే రెడీగా వస్తాయి. పెట్టే పద్ధతి ఇట్ల: కంట్రోలర్ 28, హీటర్ల సొంత డయల్ 30. మామూలుగా కంట్రోలరే ఆర్పుతుంది, హీటర్ లోపలి కాంటాక్ట్ రోజుకు వందసార్లు కొట్టుకోదు కాబట్టి అది కూడా ఎక్కువ కాలం వస్తుంది. కంట్రోలర్ రిలే అతుక్కుపోయినా, సెన్సార్ జారినా, హీటర్ తన 30 దగ్గర ఆరుతుంది. హీటర్ అతుక్కుపోయినా కంట్రోలర్ ఆర్పుతుంది. రెండూ ఒకే రాత్రి చెడాల, అప్పుడే ప్రమాదం. పైగా ఎస్‌టీసీ-1000లో చల్లబరిచే వైపు ఇంకో రిలే ఉంది, ఎండాకాలం దానికి ట్యాంక్ పైన చిన్న ఫ్యాన్ కట్టుకోవచ్చు. మన పొడి గాలికి ఆ ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు దించుతుంది. కర్నూల్లో మే నెలలో చేపలు పెంచేవాళ్ళకు హీటర్ కంటే అదే ముఖ్యం.

*ఇన్‌లైన్ హీటర్ (ఫిల్టర్ పైపు మధ్యలో బిగించేది), లేదా హీటర్ లోపలే ఉన్న కానిస్టర్ (ట్యాంక్ బయట పెట్టే డబ్బా ఫిల్టర్).* ట్యాంక్‌లో ఏమీ కనపడదు, మొక్కల ట్యాంక్ పెట్టుకున్నోళ్ళకు ముచ్చటగా ఉంటుంది. కానిస్టర్ ఫిల్టర్ ఉంటేనే కుదురుతుంది. హైడార్ వాళ్ళవి 200, 300 వాట్స్‌లో ఉన్నాయి, ఓయాసే కానిస్టర్లలో హీటర్ లోపలే వస్తుంది. కరెంటు పోయి వచ్చినాక ఫిల్టర్ గాలి పట్టి నీళ్ళు లాగకపోతే ట్యాంక్‌కి వేడి చేరదు, కాబట్టి కరెంటు ఎక్కువ పోయే చోట నేను చెప్పను. పార్ట్ ఏదన్నా పోతే బెంగళూరు నుంచి తెప్పించుకోవాల్సిందే.

సంప్ (ట్యాంక్ కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) ఉన్నోళ్ళు హీటర్లు సంప్‌లోనే పెట్టండి, పంపు ఉన్న అరలో కాదు, నీళ్ళ మట్టం మారని అరలో. పదీ పదిహేను ట్యాంకులతో బ్రీడింగ్ చేసేవాళ్ళకు ఒక్కో ట్యాంక్‌కి హీటర్ కంటే గదినే వెచ్చగా పెట్టుకోవడం మేలు, తలుపు సందులు మూసి, సీలింగ్ కింద థర్మాకోల్ కొట్టి.

| రకం | ఆరకుండా పోతే అడ్డం | పగిలే భయం | ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|
| గాజు, ఒక్కటే పెద్దది | లేదు | ఉంది | తక్కువ | నేను ఎవరికీ చెప్పను |
| గాజు, చిన్నవి రెండు | చాలావరకు | ఉంది | తక్కువ | ఏంజెల్స్, టెట్రాలు, కమ్యూనిటీ (కలగలుపు చేపల) ట్యాంక్ |
| గాజు రెండు + కంట్రోలర్ | రెండంచెలు | ఉంది | మధ్యస్తం | డిస్కస్, ఖరీదైన చేపలు |
| టైటానియం + కంట్రోలర్ | కంట్రోలర్ ఒక్కటే | లేదు | ఎక్కువ | ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, అరోవానా |
| ఇన్‌లైన్ | మోడల్‌ని బట్టి | తక్కువ | ఎక్కువ | మొక్కల ట్యాంక్ |

మీరు ఎవరైతే ఏది

డిస్కస్ పెంచేవాళ్ళు గాజు రెండు, కంట్రోలర్ ఒకటి, ఇందులో రాజీ పడొద్దు. వాటికి 30 పెట్టాల్సొస్తుంది కాబట్టి తేడా 8 కాదు, 10 లెక్క వేసుకోండి, 4×2×2కి 200వి రెండు తీసుకున్నా తప్పు లేదు.

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ అయితే టైటానియం. డబ్బు కుదరకుంటే గార్డ్ ఉన్న గాజు హీటర్‌ను ఒక పీవీసీ పైపుకి నిండా తూట్లు పొడిచి అందులో దూర్చి కింద అడ్డంగా కట్టండి. కడపలో ఒక తమ్ముడు తన అడుగు పొడవు ఆస్కార్‌కి ఇట్లనే చేసి రెండేళ్ళుగా వాడతా ఉన్నాడు.

అద్దె ఇంట్లో ఉండి రెండేళ్ళకొకసారి మారేవాళ్ళు ఇన్‌లైన్ జోలికి పోకండి, గాజువి రెండు చాలు.

కరెంటు తరచుగా పోయే చోట ఉన్నోళ్ళు హీటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టాలని చూస్తారు. వద్దు. 150 ఏహెచ్ బ్యాటరీని 300 వాట్స్ హీటర్ ఒక్కటే నాలుగైదు గంటల్లో ఖాళీ చేస్తుంది. ఇన్వర్టర్ మీద ఎయిర్ పంపు పెట్టండి చాలు. 400 లీటర్ల ట్యాంక్ గంటకు పావు డిగ్రీ మాత్రమే దిగుతుంది, మూడు గంటలు కరెంటు పోయినా డిగ్రీ కూడా తగ్గదు, ఇంకా భయమైతే ట్యాంక్ చుట్టూ దుప్పటి కప్పండి.

బిగించేటప్పుడు

హీటర్ ఫిల్టర్ నీళ్ళు పడే చోట ఉండాల, రెండుంటే రెండు చివర్ల. అడ్డంగా కింద పెడితే నీళ్ళు మార్చేటప్పుడు బయటపడదు, ఆ మోడల్‌ని అడ్డంగా పెట్టొచ్చో లేదో డబ్బా మీద చూడండి. ఇసుకలో కూరొద్దు. ట్యాంక్‌లో వేసిన అరగంటకు ప్లగ్ పెట్టండి, తీసేటప్పుడు ప్లగ్ తీసిన పావుగంటకు నీళ్ళు దించండి. వైరు బోర్డు కంటే కిందికి ఒక వంపు దిగి మళ్ళీ పైకి పోవాల, లేకుంటే వైరు మీద కారిన నీళ్ళు నేరుగా సాకెట్‌లోకే పోతాయి. ట్యాంక్‌లో చెయ్యి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ తీయాల, ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపే స్విచ్చు) లేకుంటే హీటర్ కొనే ముందు అది పెట్టించండి. పిల్లోళ్ళు ఉన్న ఇల్లయితే దీని గురించి రెండోసారి ఆలోచించకండి.

తెల్లపొరకు నెలకొకసారి హీటర్ చల్లారినాక తీసి, వెనిగర్ లేదా నిమ్మరసం తడిపిన గుడ్డ అరగంట చుట్టి, కడిగి పెట్టండి. ఆవిరై తగ్గిన నీళ్ళ బదులు ఆర్‌ఓ నీళ్ళు పోస్తే పొర కూడా తక్కువ కడుతుంది, ఉప్పులన్నీ ట్యాంక్‌లో పేరుకోవు.

చలికాలం నీళ్ళు మార్చడానికి ఇంకో మాట. మిద్దె మీద సింటెక్స్‌లో రాత్రంతా ఉన్న నీళ్ళు పొద్దున ఐసులాగా ఉంటాయి, అవి పోస్తే ఎంత పెద్ద హీటర్ ఉన్నా చేప వణుకుతుంది. బోరు మోటరు వేసినాక వచ్చే నీళ్ళు మాత్రం డిసెంబర్ పొద్దున కూడా వెచ్చగా, చేతికి హాయిగా ఉంటాయి. బకెట్లలో పట్టి, ఎయిర్ స్టోన్ వేసి ఒక గంట గాలి పట్టించి పోయండి, బోరు నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది. మునిసిపాలిటీ నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టే మందు మర్చిపోవద్దు.

ఫిబ్రవరి చివరికి మన దగ్గర చలి పూర్తిగా పోతుంది. రాత్రి నీళ్ళు వాటంతట అవే 27 ఉంటున్నాయి అనగానే హీటర్లు తీసేసి, తుడిచి, డబ్బాలో పెట్టండి, ఎండాకాలమంతా ట్యాంక్‌లో వదిలేస్తే పొర కట్టడమే తప్ప లాభం లేదు. కొన్న రోజే ప్లగ్గు మీద మార్కర్‌తో నెల, సంవత్సరం రాయండి. నేను మూడు చలికాలాలు వాడిన గాజు హీటర్‌ను స్పేర్‌గా పక్కన పెట్టి కొత్తది వేస్తా, అది ఇంకా వెలుగుతా ఉన్నా సరే.